రజని దుకాణంలో లెక్క

సిరిసిల్లలో ఎదురెదురుగా రెండు ఇంటర్నెట్ దుకాణాలు, ఒకటి అస్మాది, ఒకటి రజనిది. రజని దుకాణం వెబ్ పేజీలో బట్ట పొడవు, వెడల్పు కొడితే ఎంత నూలు కావాలో చెప్పే క్యాలిక్యులేటర్ ఉంది. నేతవాళ్లంతా అటే. అస్మా పేజీ మాత్రం గోడ మీది క్యాలెండర్‌లా ఉలకదు, పలకదు. అదే ఆమె కడుపుమంట. ఆ మంటతోనే రజని క్యాలిక్యులేటర్‌ను చెప్పకుండా తన పేజీలో పెట్టేసుకుంది. కనిపించడం అస్మా పేజీలో అయినా, లెక్క కట్టేది మాత్రం రజని దుకాణంలోని కంప్యూటరే.

సకల జనుల సమ్మె రోజులవి. బంద్ రాత్రి అస్మా షట్టర్ సగం దించుకుని కొలతలు కొట్టింది. ఎదుట రజని దుకాణం పొద్దున్నుంచీ మూసే ఉంది, అయినా జవాబు వచ్చింది. అనుమానమొచ్చి ఫోన్ చేసింది.

"రజనీ, నీ కంప్యూటర్ నడుస్తుందా?"

"ఎక్కడిదక్కా! వైర్లన్నీ పీకి పొద్దుగాల్నే కోరుట్లకచ్చిన. ఏమాయె?"

"ఏం లేదు, ఊకెనే."

అస్మా మళ్లీ కొట్టింది. ఎదుటి మూసిన షట్టర్ వెనుక టకటకమని కీలు నొక్కుతున్న చప్పుడు. ఆ వెంటనే జవాబు. ఆమెకు భయం కన్నా ముందు ఈర్ష్యే పొంగింది. దయ్యం కూడా రజనికే పనిచేయాలా?

"గాడ ఎందుకు? నా దుకాణంల కూసోరాదు!" అంది.

చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అస్మా వెనుక, ఖాళీ కుర్చీ ముందున్న కంప్యూటర్ దగ్గర టకటక మొదలైంది.