బొట్టు పెట్టిన అద్దం

వారం దాటినా మంగతాయారు మనవరాలు లాస్యకు జ్వరం దిగలేదు. పెదాలు పగిలి నెత్తురోడుతున్నాయి, వేలికొనల తోలు ఊడుతోంది. సర్కారు ఇంటింటికీ బిగించిన గుండె అద్దం మాత్రం "గుండె భేషుగ్గా ఉంది" అనే అంటోంది. గుండె నరాల కొసల దాకా చూసేది పెద్దాసుపత్రి గుండ్రటి యంత్రం ఒక్కటే. ఇంట్లో అద్దం ఉన్నంతకాలం, అది ఒప్పుకోనిదే అక్కడ తలుపు తియ్యరు. అద్దం పాడైన ఇంటి పిల్లలనైతే నేరుగా అందులోనే పడుకోబెడతారు.

మంగతాయారు ఎనిమిదో ఏట, ఇలాగే వేళ్ల తోలూడిన చెల్లెలు తొక్కుడుబిళ్ల ఆడుతూ కుప్పకూలి, గుండె ఆగి చచ్చిపోయింది. అది గుర్తొచ్చి రోకలి అందుకుంది.

"అత్తయ్యా, అద్దం పగలగొడితే జైల్లో పెడతారు!" కోడలు సుభాషిణి నడుం పట్టుకుంది.

"పెట్టనీ. వదలవే!"

కోడల్ని ఒక్క తోపు తోసి, శుక్రవారం అద్దానికి తానే పెట్టిన కుంకుమబొట్టు మీద మొదటి దెబ్బ వేసింది. "గుండె భేషు..." అంటుండగానే రెండోది. పెంకులు ముంజేతుల్లో దిగబడుతున్నా గోడ ఇటుకలు కనబడేదాకా ఆపలేదు. అద్దం పగిలిన సంకేతం అంది ఆసుపత్రి బండీ, పోలీసు బండీ ఒకేసారి వచ్చాయి. లాస్యను ఎక్కించేదాకా పోలీసులను రోకలితో గుమ్మం దాటనివ్వలేదు.

సాయంత్రం స్టేషనుకు సుభాషిణి ఫోను చేసింది. "గుండె నరం కొసన పెద్ద ఉబ్బుందట అత్తయ్యా! మందెక్కిస్తున్నారు. రేపటిదాకా ఆగేది కాదట."

మంగతాయారు ఎస్సై ముందు చేతులు చాపింది.

"ఇప్పుడు వెయ్యి నాయనా సంకెళ్లు. కాస్త వదులుగా, పెంకులింకా లోపలే ఉన్నాయి."