నూట నలభయ్యో పేజీ

చదివేవాళ్ళ కళ్ళు చూసి, అర్థమైందని నమ్మకం కుదిరితేనే పేజీ తిప్పే పుస్తకాలు వచ్చాక ప్రసూనకు ఇంజనీరింగ్ లెక్కలు నరకమయ్యాయి. ఎల్లుండి పరీక్ష తప్పితే డిగ్రీ మీద ఆశ వదులుకోవాల్సిందే. పదకొండు రోజులు కుస్తీపట్టి నూట నలభయ్యో పేజీకి చేరితే, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ దగ్గర పుస్తకం మొండికేసింది.

"అర్థమైందే తల్లీ, తిరుగు!" అని బతిమాలింది. తిరగలేదు. ఒళ్ళు మండి కాలితో ఒక్క తన్ను తన్నింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! చదువులతల్లిని తంతావటే? కళ్ళకద్దుకో!" వంటింటి గుమ్మంలోంచి అమ్మ కేకేసింది.

చిన్ననాటి అలవాటు. చేతులు వాటంతటవే పుస్తకాన్ని తీసి, మూసుకున్న కళ్ళకు అద్దాయి.

"మీరు నిద్రపోయారు," అంది పుస్తకం మర్యాదగా. "మొదటి పేజీ నుంచి మళ్ళీ చదువుదాం."

పేజీలన్నీ గలగలా వెనక్కి తిరిగాయి.

ప్రసూన మళ్ళీ తన్నింది. ఈసారి కళ్ళకద్దుకోలేదు.