మగ్గాలు ఆపమన్న మనిషి

ఠాణాకు ఎదురుగా, ఎండలో, ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు.

చూపు ఠాణా గడప మీదే ఉంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు అది. ధర్మవరంలో ఒక నేతగాళ్ల వీధి. ఆ వీధి గోడకు ఆనుకునే ఠాణా గోడ.

లోపల ఆదెప్ప ఉన్నాడు. పట్టునూలు దొంగిలించాడని షావుకారు ఒక మాట చెప్తే, మగ్గం గుంటలోంచి లాక్కొచ్చి వేశారు. కేసు రాయలేదు. కోర్టుకు తీసుకుపోలేదు. రాస్తే లెక్క చెప్పాలి కదా.

కానిస్టేబుల్ బయటికొచ్చాడు.

"ఎవుర్రా నువ్వు? లాయరువా?"

"కాదు సార్."

"ఆదెప్ప చుట్టానివా?"

"కాదు సార్."

"మరి ఈడేం పని?"

"కూచునేదే సార్. ఆయప్పను కోర్టుకు ఎప్పుడు తీస్కపోతారు?"

కానిస్టేబుల్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ముసలాయన రెప్ప వేయడం లేదు.

మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. ఆయన తినగా చూసినవాళ్లు లేరు. అందర్నీ చూసి మొరిగే ఆ వీధి కుక్కలు ఆయన దగ్గరికి వచ్చి గమ్మున పడుకునేవి.

ఆదెప్ప పెళ్లాం రామాంజినమ్మ రోజూ గిన్నెలో సంగటి తెచ్చి గడప దగ్గర ఇచ్చేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది. గిన్నె ఖాళీగా వస్తే మొగుడు ఉన్నట్టే. ఆ ఒక్క ధైర్యంతో తిరిగి పోయేది.

ఒకరోజు సోడాకొట్టు గౌస్‌సాబ్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఆ ముసలాయన్ను చూసినావా మ్మా?"

"రోజూ చూస్తాండా గదన్నా. ఎవురో పాపం."

"పాపమా? హిందూపురంలో మా అక్కోళ్లింటికి పోయినప్పుడు చూసినా. ఆడ గూడా ఠాణా ముందర ఇట్లనే కూచోనుండె. ఇదే చూపు."

"కూచుంటే?"

"పొద్దు గుంకకముందే లోపల్నించి శవం వచ్చె."

రామాంజినమ్మ గిన్నెను కొంగు కింద దాచుకుని గబగబా ఇంటికి నడిచింది.

ఆ మాట సాయంత్రానికల్లా వీధంతా తిరిగింది. చెడ్డ మాటకు మన ఊళ్లలో బస్సు టిక్కెట్టు అక్కర్లేదు.

మరునాడు పొద్దున ముసలాయన లేచి నేరుగా నేతగాళ్ల వీధిలోకి వచ్చాడు. ఇంటింటా మగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో మనిషి గొంతు వినపడదు. రామాంజినమ్మ గడప ముందు ఆగి, చేతులు జోడించాడు.

"అమ్మా, కాసేపు మగ్గాలు ఆపమని చెప్పమ్మా. వీధంతా ఆపాల."

రామాంజినమ్మ గడప దిగి వచ్చింది.

ఆ వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగేది ఎవరైనా చచ్చినప్పుడే. శవం లేచేదాకా ఎవరూ మగ్గంలో కూర్చోరు. తాతల నాటి కట్టుబాటు.

"నా మొగుడు బతికుండంగనే ఆపమంటావా?"

"అదికాదు తల్లీ, ఎందుకంటే..."

ఆమె విననివ్వలేదు. పిడికెడు దుమ్ము ఎత్తి ఆయన మొహాన కొట్టింది.

"నా ఇంటి ముందర నిలబడి చావు పిలుస్తావా? పో! నీ కాళ్లు ఇరిగిపోనూ!"

మగవాళ్లు వచ్చారు. మెడ పట్టి బస్సు దాకా తోసుకుపోయారు. కంట్లో పడిన మన్ను కూడా ఆయన తుడుచుకోలేదు. బస్సు కిటికీలోంచి కూడా ఠాణా వైపే చూస్తున్నాడు.

"శని వదిలిపాయ" అన్నాడు గౌస్‌సాబ్.

ఆ రోజంతా మగ్గాలు జోరుగా ఆడాయి.

మరునాడు గిన్నె నిండుగా తిరిగొచ్చింది.

"కడుపునొప్పి వచ్చి పాయ" అన్నాడు కానిస్టేబుల్, ఆమె మొహం చూడకుండా. మన రాష్ట్రంలో ఠాణాల్లో వచ్చినన్ని కడుపునొప్పులు ఆసుపత్రుల్లో కూడా రావు.

శవాన్ని దుప్పటితో చుట్టి ఇచ్చారు. విప్పనివ్వలేదు.

మగ్గాలన్నీ ఆగాయి.

అప్పుడు గోడ అవతల్నించి ఒక మూలుగు వినిపించింది. లోపల ఇంకెవరో ఉన్నారు. దెబ్బ పడిన చప్పుడు. మళ్లీ మూలుగు. ఇన్నేళ్లుగా ఆ గోడ పక్కనే నేస్తున్నవాళ్లు, ఇప్పుడు చెవిపెట్టి విన్నారు.

ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు.

కర్మలు కాకముందే ఒక కుంటి మనిషి ఆ వీధికి వచ్చాడు. పేరు ఏసురత్నం. పెనుకొండ దగ్గర పల్లె.

"ఈడ ఠాణా ముందర ఒక పెద్దాయన కూచున్యాడంట. యాడుండాడు? మా తమ్మున్ని కదిరి దిక్కు పట్టుకపోయినారు. ఆయన్ను పిల్చుకపోవాల."

"పిల్చుకపోతావా?" గౌస్‌సాబ్ అడ్డొచ్చాడు. "ఆయన కూచుంటే శవం వస్తాదప్పా."

"నన్ను లోపలేసినప్పుడు గూడా కూచునె. పక్కనే రైసుమిల్లు. మిల్లాయన కాళ్లు పట్టుకోని మిషను ఆపించినాడు. అంతవరకూ కొట్టినోళ్లు, ఊరికి వినపడతాదని ఆపినారు. కాలు పాయ గానీ, మనిషిని ఉండా."

రామాంజినమ్మ, దుమ్ము ఎత్తి కొట్టిన అరచేతిని కొంగుతో తుడుచుకోసాగింది.

గౌస్‌సాబ్ చేతులు ఆడించాడు, అడ్డం పెట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనన్నట్టు.

"మరి హిందూపురంలో? నా కండ్లతో చూసినా. ఆయన కూచోనుండంగనే శవం వచ్చె గదబ్బా!"

ఏసురత్నం తల మీది తుండు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ పొద్దు ఆయన కూచున్నది, లోపల చంపేసిన తన కొడుకును ఇస్తే ఎత్తుకపోదామని సాబూ."