చుక్కల చాటున

"•••• •••••• కింద పడింది, లేవట్లేదు, తలుపు గడియ నాకు అందట్లేదు, ••••• ••• ••••••• •••••• •••• •••••••••••• చదివి తొందరగా రా."

పదకొండూ పదికి ఆ సందేశం ఆమె తెర మీదికి వచ్చింది. రాసింది 4471. ఎవరో, ఏ ఊరో తెలియదు. ఆ ఆట ఆడే పిల్లలందరూ ఆమెకు అంకెలే.

ఆమె పని అదే. ఆన్‌లైన్ ఆటలో పిల్లలు రాసుకునే మాటలు చదవాలి. బూతులుంటే "తీసెయ్" నొక్కాలి, లేకపోతే "ఉంచు" నొక్కాలి. ఒక్కో సందేశానికి ఎనిమిది సెకన్లు. జవాబు రాసే వీలు లేదు. మన భాషలో వచ్చే మాటలన్నీ ఆమెకు, ఫోటోలన్నీ పక్క సీటావిడకు. బడులకు సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి ఇద్దరికీ తల ఎత్తే తీరిక లేదు.

చుక్కలు పెట్టేది మిషన్. పేరు, వీధి, బడి, ఫోను నంబరు, ఇంట్లోవాళ్ళ వరసలు, వాళ్ళ ఉద్యోగాలు, ఇలా పిల్లల గుట్టు బయటపడే మాట ఏది కనిపించినా దాని మీద చుక్కలు పడతాయి. అనుమానం వస్తే పక్కనున్న మాటల్ని కూడా మింగేస్తుంది.

నిరుడు ఈ చుక్కలు లేవు. ఇదే అంతస్తులో పనిచేసే ఒక పెద్దమనిషి ఓ పిల్ల చిరునామా చీటీ మీద రాసుకెళ్ళి, ఆ ఇంటి గేటు ముందు చాక్లెట్లు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మర్నాడు మీటింగులో అందరికంటే గట్టిగా అరిచింది ఆమే. "మా కళ్ళకి కూడా కనబడకూడదు సార్! కంచే చేను మేస్తుంటే ఇంకెవర్ని నమ్మాలి?" అంది. ఆమె మాటే నెగ్గింది. చుక్కలు వచ్చాయి. ఫోన్లు లాకర్లలోకి వెళ్ళాయి. పెన్నూ కాగితమూ గుమ్మం బయటే ఆగిపోయాయి.

పక్క సీటావిడ తొంగిచూసింది. "ఆటలో పడుంటార్లే. మూడో కోటలో అందరూ పడేవాళ్ళే. ఆ గడియ కూడా అక్కడిదే."

నిజమే కావచ్చు. ఆ ఆటలో రోజుకు వెయ్యిమంది పడతారు, లేస్తారు. ఆమె "ఉంచు" నొక్కింది. ఆ సందేశం కింద మిగతా పిల్లలు వరసగా నవ్వు బొమ్మలు పెట్టారు.

పదకొండున్నరకు 4471 మళ్ళీ రాసింది.

"•••••• మూతి ఒక పక్కకి పోయింది. చెయ్యి చల్లగా ఉంది. ఇంకా రావేంటి?"

ఆటలో ఎవరి చెయ్యీ చల్లబడదు. ఆమె దిగ్గున లేచి నిలబడింది. భయం, ఆ వెనకే ఒళ్ళుమండే కోపం.

"పిల్లల్ని ఇలా గాలికొదిలేసి వీళ్ళమ్మ ఎక్కడ ఊరేగుతోందో!" అని పళ్ళు నూరింది.

సూపర్‌వైజర్‌కు అంతస్తంతా కలిసి పెట్టిన పేరు రూళ్ళకర్ర. ఆమె అతని గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళింది.

"సార్, 4471కి చుక్కలు తీయించండి. ఇల్లెక్కడో తెలిస్తే అంబులెన్సు పంపొచ్చు."

"నా చేతుల్లో ఏముంది మేడం? ఫారం నింపండి. పైవాళ్ళు చూస్తారు."

"ఈలోగా ప్రాణం పోతే?"

"ఇదంతా ఆకతాయి పనైతే? పసివాళ్ళ గుట్టు ఊరికే విప్పానని నా ఉద్యోగం పోతే? అయినా ఈ రూలు తెమ్మని నా పీక మీద కూర్చుంది మీరే కదా!"

ఆమె వెనుదిరిగింది. పోలీసులకు చెబుదామన్నా, ఎక్కడికి వెళ్ళమని చెబుతుంది? వచ్చి ఫారం తెరిచింది. పదకొండు గళ్ళు. "ఈ సమాచారం ఎందుకు కావాలి?" అన్న గడిలో "ఒక ప్రాణం కోసం" అని రాసింది. కనీసం ఇరవై మాటలుండాలని ఫారం వెనక్కి కొట్టింది. ఆమె లెక్కపెట్టి మరీ ఇరవై మాటలు రాసింది.

పన్నెండుంబావుకు ఇంకొకటి వచ్చింది.

"•••• చదువుతున్నావా లేదా?"

"చదువుతున్నానురా కన్నా, చదువుతున్నా," అంది ఆమె తెరతో, అందరూ వింటున్నారని కూడా చూసుకోకుండా. ఏడుపు ఆగలేదు. ఎనిమిది సెకన్లు అయిపోయాయి. ఆ మాట పోయి, ఎవరో ఎవరినో కత్తి అరువడిగిన మాట వచ్చింది.

ఆ తర్వాత 4471 నుంచి ఏమీ రాలేదు.

పక్క సీటావిడ తన డబ్బా మూత తీసి ముందుకు జరిపింది. "రెండు ముద్దలు తిను. నీ పిల్లలైనట్టు అంత కుమిలిపోతే ఈ ఉద్యోగం చెయ్యలేం." ఆమె ముట్టుకోలేదు. పావుగంటకోసారి రూళ్ళకర్ర గదికి వెళ్ళి, అద్దంలోంచి అతను తల అడ్డంగా ఊపడం చూసి తిరిగివచ్చింది.

మూడుంబావుకు అతనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. పాపం, రూళ్ళకర్ర కూడా మనిషే.

"ఇచ్చారు. ఒక్క సందేశానికే, అదీ ఒక్క నిమిషం. ఏది తీయమంటారు?"

"మొదటిది."

అతను ఆఫీసు ఫోన్లో అంబులెన్సు నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మీరు పైకి చదవండి. నేను వాళ్ళకి చెబుతాను."

తెర మీద చుక్కలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. ఆమె చదవడానికి నోరు తెరిచింది.

"అమ్మా, అమ్మమ్మ కింద పడింది, లేవట్లేదు, తలుపు గడియ నాకు అందట్లేదు, గేములో మేం రాసేవన్నీ ఆఫీసులో నువ్వే చదువుతానన్నావుగా, చదివి తొందరగా రా."