మేత ఆపితే

“మేడమ్, ఇది తినేదేంది?”

స్కానింగ్ తెర మీద భార్య కడుపులోని గడ్డను చూసి జడ్సన్ అడిగిన మొదటి ప్రశ్న అది. అల్లూరులో ఏళ్ల తరబడి రొయ్యలు పెంచుతున్నాడు మరి. పెరిగేది ఏదైనా సరే, ముందు దాని మేత సంగతి తేల్చుకోవాలి.

నెల్లూరు డాక్టర్ ఏంజెలిన్‌కి నవ్వొచ్చింది. మంచం మీదున్న కరుణాకుమారికే చెప్పింది.

“ఇది ఫైబ్రాయిడ్ అమ్మా. గర్భసంచి కండరంలోనే ఒక్క కణం దారి తప్పి, రెండై, నాలుగై, నార పట్టి ఇట్లా గట్టిపడుతుంది. క్యాన్సర్ కాదు. నీ ఒంట్లో ఊరే హార్మోనే దీనికి మేత అనుకో. నెలసరి ఆగిపోయే వయసులో ఆ మేత తగ్గి, ఇదే చిక్కిపోతుంది.”

నెలనెలా రక్తం ఎక్కువ పోయి ఒంట్లో తక్కువైందని ఐరన్ మాత్రలు రాసింది. బాగా తినమంది. మరీ పెరిగితే గర్భసంచే తీసెయ్యాల్సి రావచ్చని కూడా అంది.

ఆ మాటకు కరుణ కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై దాటినా, ఆదివారం చర్చిలో ఆమె మోకరించేది ఒక్క బిడ్డ కోసమే. సంచే పోతే ఇంక దేవుణ్ణి అడిగేదేముంది?

జడ్సన్‌కి మాత్రం ఒక్క మాటే చెవికెక్కింది. మేత.

“నువ్వు తింటే అదీ తింటాది,” అన్నాడు ఇంటికొచ్చాక. “గుంటలో చూళ్లేదా? మేత ఆపితే రొయ్య ఎదుగుద్దా? ఇంక కోడీ, చేపా, గుడ్డూ ముట్టబాక. అన్నం ఒక్క పూటే.”

“డాక్టరమ్మ బాగా తినమనింది గదయ్యా!”

“ఆమేమన్నా రొయ్యలు పెంచిందా?”

కరుణ ఒప్పుకుంది. సంచి మిగలాలంటే కడుపు మాడ్చుకోవాలి, అంతే. జడ్సన్ రోజూ ఆమె కంచం చూసేవాడు. నాలుగు మెతుకులు ఎక్కువుంటే తీసేసేవాడు. ప్రేమతోనే సుమండీ!

పథ్యం పనిచేసింది కూడా. రెండో నెలకల్లా రక్తం పోవడం ఆగింది. ఆ తర్వాత నెలసరే రాలేదు.

“నాకూ ఈ యీడుకే ఆగిపోయింది. ఇంక గడ్డ ఎండిపోతాదిలే,” అంది జడ్సన్ తల్లి రెబెక్కమ్మ. ముగ్గురూ చర్చికెళ్లి కృతజ్ఞతా కానుక వేసొచ్చారు.

కానీ గడ్డకు సిగ్గులేదు. కరుణ చేతులు పుల్లలయ్యాయి, మొహం పాలిపోయింది, కడుపు మాత్రం ఎత్తుకొస్తోంది.

“నాకు తెలీకుండా ఏమన్నా తింటుండావా?”

కరుణకి ఏడుపు ముంచుకొచ్చింది. “ప్రభువు చూస్తుండాడయ్యా! పొద్దున్నించి మంచినీళ్లే తాగుండా.”

జడ్సన్ ఆ ఒక్క పూట అన్నాన్నీ గంజి చేశాడు. అయినా పెరిగింది. చివరికి ఓడిపోయి నెల్లూరు బస్సెక్కించాడు. సంచి తీసేస్తారన్న భయంతో కరుణ దారి పొడుగునా అతని చెయ్యి వదల్లేదు.

ఏంజెలిన్ మళ్లీ స్కాన్ చేసింది.

“తీసెయ్యాలా మేడమ్?” అడిగాడు జడ్సన్. “మేత గూడా ఆపేసినా. అయినా ఎదుగుతానే ఉండాది.”

డాక్టర్ కరుణ ఎముకలు తేలిన చేతిని చూసింది. తర్వాత అతని వంక చూసింది.

“గడ్డ ఎంతుండేదో అంతే ఉందయ్యా, ఇన్నాళ్లూ నువ్వు మేత ఆపింది నీ అయిదో నెల బిడ్డకి.”