మూయని ఖాతా

కోడలు గిన్నెలు తోముతుండగా గదిలో ల్యాప్‌టాప్ టింగుమంది. ఆఫీసు కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా రాత్రిళ్లు ఇంటి నుంచే కాపలా కాయడం ఆమె ఉద్యోగం. తడిచేతులతో వెళ్లి చూస్తే, తెరమీద చనిపోయిన భర్త పేరు, అతని ఖాతాలోకి ఇప్పుడే ఎవరో లాగిన్ అయ్యారని. అతనూ అక్కడే పనిచేసేవాడు. మనిషి పోయిన రోజే మూసేయాల్సిన ఖాతా. ఆమెకే చేతులు రాలేదు.

“ఎవడో దొంగవెధవ దూరుంటాడు, మూసెయ్యి తల్లీ,” అంది వెనకే వచ్చి తెర చూసిన అత్త.

“పాస్‌వర్డ్ మొదట తప్పు కొట్టి, తర్వాత సరిగ్గా కొట్టాడత్తయ్యా. అచ్చం ఆయనలాగే.”

“వాడికన్నీ తొందరే. తాళంచెవి కూడా తిరగేసే పెట్టేవాడు,” అని నవ్వబోయి, అత్త ఆగిపోయింది.

కోడలు వివరాలు తెరిచి చూసింది. ఆ లాగిన్ వచ్చింది బయటి నుంచి కాదు. తాళం వేసిన ఆఫీసులో, అతని బల్లమీది కంప్యూటర్ నుంచే.

ఖాతా మూసే మీటమీద కోడలు వేలు పెట్టింది. నొక్కితే అతను మళ్లీ వెళ్లిపోతాడు. వేలు తీసేసి, చెప్పులు వేసుకుని, ఆఫీసుకు బయల్దేరి గడప దాటింది.