చెవి చెప్పే రంగు

“కిటికీ దగ్గరకు తీసుకురా. చీకట్లో అందరూ నీలాగే కనిపిస్తారు,” అంది అత్తగారు ఆర్టెమీజ్.

లవీనియా ఇరవై రోజుల బిడ్డను వెలుతురులోకి తెచ్చింది. న్యూ ఆర్లీన్స్ నల్లవాళ్ల పేటలో పసివాడి మొహం చూసి ఎవరూ మోసపోరు. పుట్టినప్పుడు అందరూ మీగడ తరకలే. ఏడాదికి ఏ రంగు తేలతాడో చెప్పేవి చెవి అంచులూ, గోళ్ల మొదళ్లూ.

అత్తగారు కళ్లజోడు తుడుచుకుంది. ఆడబిడ్డ ఒడీల్ గడియారం చూసుకుంది. ఆమె కాళ్ల దగ్గర కొత్త లేసు పరిచిన బుట్ట నోరు తెరుచుకుని ఉంది. నాలుగింటికి షికాగో రైలు, తెల్లవాళ్ల పెట్టెలో. ఆ పెట్టెలో ఈ తల్లీకూతుళ్లను ఇంతవరకు ఎవరూ ఆపలేదు. పుట్టుక నల్లజాతే అయినా అంత తెలుపు మరి! లవీనియా మొగుడు ఆర్మాండ్ ఆర్నెల్ల కిందటే అక్కడ తెల్లవాడిగా చెలామణీ అయిపోయి బ్యాంకులో కుర్చీ కూడా సంపాదించాడు. నల్లటి పెళ్లాం ఊసు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

“తమ్ముడి మాట విన్నావుగా,” అంది ఒడీల్. “వీడు మా రంగులో తేలితే ఇవాళే మాతో వస్తాడు. తెల్లవాళ్ల బడి, తెల్లవాళ్ల బతుకు. నువ్వు మళ్లీ వాడి దరిదాపులకు రాకూడదు. ఉత్తరం ముక్క కూడా వద్దు.”

“తేలకపోతే?”

“వాడూ నువ్వూ మీ ఖర్మ. తనకు మనవడు పుట్టలేదనుకుంటుంది అమ్మ.”

“ఎందుకు తేలడు వదినా? ఆ బుగ్గలు చూడు, అచ్చం వాళ్ల నాన్నే!”

“బుగ్గలదేముంది? తెల్లటి అరచేతులు నీకూ ఉన్నాయి,” అంది అత్తగారు.

బిడ్డ టోపీ ఆవిడే తీసింది. ఒక చెవి వంచి చూసింది. రెండోది చూసింది. ఒక్కో వేలూ విప్పి, కూరగాయలు బేరమాడే మనిషిలా తిప్పి తిప్పి చూసింది.

“ఇటు చూడవే ఒడీల్.”

ఒడీల్ వంగి చూసింది. గ్లౌజులు తొడుక్కుంది.

“సరిగ్గా చూడండి అత్తయ్యా!” బతిమాలింది లవీనియా. “మీ మనవడండీ. దొరలా బతికేవాడు. ఇంకొక్కసారి...”

“ఇంకెన్నిసార్లు? ఏడాది తిరిగేసరికి వట్టి బొగ్గు. పెళ్లినాడే మొత్తుకున్నాను మావాడికి, వింటేగా!”

ఖాళీ బుట్టతో ఇద్దరూ టాక్సీ ఎక్కారు. అది మలుపు తిరిగేదాకా లవీనియా గుమ్మంలో నిలబడి, మొహం చేతుల్లో దాచుకుని వెక్కుతూనే ఉంది. ఎదురింటావిడ జాలిగా నిట్టూర్చి లోపలికి వెళ్లిపోయింది.

లవీనియా తలుపు గడియ వేసి, బిడ్డ చెవులకూ గోళ్ల మొదళ్లకూ పట్టించిన కాఫీ డికాక్షన్ తడిగుడ్డతో తుడిచేసింది.